గుల్ల మీద ఒట్టు

ఒకప్పుడు నత్తకి నత్తనడక రాదు.

నవ్వకండి, నిజమే చెబుతున్నాను. ఆ రోజుల్లో నత్త సరసరా పాకేది. ఇప్పుడు గోంగూర మడిలో కనిపిస్తే, మీరు పళ్ళు తోముకుని వచ్చేసరికి బచ్చలి పాదు ఎక్కేసి ఉండేది. దాని తల మీద రెండు పొడుగాటి కొమ్ములు. ఆ కొమ్ముల చివర రెండు కళ్ళు. ఎదురుగా ఎవరున్నా సరే, ఆ కొమ్ములు బారుగా చాచుకునే తిరిగేది. ముడుచుకోవడం అనేది దానికి తెలియనే తెలియదు.

"నేను వెళ్ళేలోపే నా కళ్ళు ముందు వెళ్ళి కూర చూసొస్తాయి. ఇంత సుఖం ఇంకెవరికుంది?" అని కప్ప దగ్గర గొప్పలు పోయేది.

"దిష్టి తగలకుండా చూసుకో తల్లీ" అనేది కప్ప. దానికి మాత్రం ఏం తక్కువ, గుడ్లు రెండూ బయటికే ఉంటాయి. కానీ నత్తతో వాదన పెట్టుకుంటే సాయంత్రం దాకా తెమలదు.

సరే, ఈ నత్త ఎక్కడిదంటే, గోదారి మధ్యలో ఒక లంకలోది. నది రెండు పాయలుగా చీలి మధ్యలో వదిలేసిన నేలని లంక అంటారు. చుట్టూ నీళ్ళు, మధ్యలో నలభై గడపలు. అందులో ఒక గడప అచ్చియ్యమ్మది. అచ్చియ్యమ్మ మొగుడు పేర్రాజు పడవ నడుపుతాడు. అచ్చియ్యమ్మ పెరడు నడుపుతుంది. ఇద్దరిలో ఎవరి పని కష్టమని అడిగితే ఆ పూట ఇంట్లో పొయ్యి వెలగదు. అందుకని మనం అడగొద్దు.

ఆ లంకవాళ్ళకి ఆనపకాయ లేనిదే రోజు గడవదు. కొన్ని ఊళ్ళలో సొరకాయ అంటారే, అదే. లేతగా ఉంటే పాలు పోసి కూర వండుతారు. అయితే అసలు సంగతి కూర కాదు. ముదిరి ఎండిన ఆనపకాయ లోపలంతా బోలుగా అయిపోయి నీళ్ళ మీద తేలుతుంది. దాన్ని బుర్ర అంటారు. లంకలో పుట్టిన పిల్లలకి ఈత రాకపోతే ఎలా? అందుకని నడుముకి చెరో పక్కా ఒక బుర్ర కట్టి పిల్లల్ని రేవులో దింపేవాళ్ళు. నెల తిరిగేసరికి ఆ పిల్లలే బుర్రలు విప్పేసి చేపపిల్లల్లా ఈదేవాళ్ళు.

ఒక ఏడు గోదారికి పెద్ద వరద వచ్చింది. మనుషులందరూ మెరక మీదికి ఎక్కి ప్రాణాలు దక్కించుకున్నారు. గోదారి మాత్రం తీరిగ్గా ఇల్లిల్లూ తిరిగి, వాసాలకి వేలాడే బుర్రల్నీ, ఉట్ల మీద దాచిన విత్తనాల్నీ ఊడ్చుకుపోయింది. నీళ్ళు తీశాక చూసుకుంటే లంక మొత్తానికి ఒక్క ఆనప విత్తనం మిగల్లేదు.

కాదు, మూడు మిగిలాయి. అచ్చియ్యమ్మ కొంగు ముడిలో.

వరద వచ్చిన రోజు పొద్దున పక్కింటావిడకి ఇద్దామని ముడేసుకుని, అలవాటుగా మరిచిపోయింది. ఆవిడ మతిమరుపు గురించి పేర్రాజు పెళ్ళైన దగ్గరనుంచీ అన్న మాటలన్నీ ఆ రోజు వెనక్కి తీసుకున్నాడు.

మూడు విత్తనాలూ పెరట్లో నాటింది. నలభై గడపలవాళ్ళూ చుట్టూ నిలబడి చూశారు. ఆ ఏడు పిల్లలు రేవు గట్టునే కూర్చుని నీళ్ళకేసి చూస్తున్నారు మరి. బుర్ర లేకుండా ఏ తల్లి దిగనిస్తుంది? ఒక్క కాయ పండి, ఎండి, విత్తనమైతే చాలు. అది కాకపోతే లంకలో ఆనపకాయ పేరు చెప్పుకోవడమే తప్ప చూడ్డం ఉండదు.

మొదటి విత్తనం మొలవలేదు. రెండోది మొలిచింది. రెండు ముద్దొచ్చే ఆకులు వేసింది. మర్నాడు పొద్దున చూస్తే ఆకులు లేవు, చిన్న మొండి కాడ మాత్రం ఉంది.

అచ్చియ్యమ్మ నడుం మీద చెయ్యేసుకుని పెరడంతటినీ అడిగింది. "ఎవరే నా మొక్క తిన్నది?"

కప్ప మాట్లాడలేదు. సీతాకోకచిలుక మాట్లాడలేదు. అరటి బోదె వెనక నుంచి నత్త మాత్రం, "నేను కాదత్తా! అయినా అది కొంచెం చేదుగా ఉంది" అంది.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడం అంటే ఇదే.

"ఒసే నత్తా! నీ నోట్లో మన్ను పొయ్య! నీకు తినడానికి గోంగూర లేదా? తోటకూర లేదా?"

"ఉన్నాయత్తా. రోజూ అయ్యే తింటే మొహం మొత్తదూ?"

అచ్చియ్యమ్మ ఇంట్లోకి వెళ్ళి పొయ్యిలో బూడిద చేటలోకి ఎత్తుకొచ్చింది. మూడో మొక్క అప్పుడే తల ఎత్తుతోంది. దాని చుట్టూ జానెడు వెడల్పున బూడిద పోసింది. నత్త సరసరా వచ్చి, బూడిదలో పొట్ట ఆనించి, ఒక్కసారిగా వెనక్కి జారింది.

"అబ్బ! ఏంటత్తా ఇది, ఒంట్లో తడంతా పీల్చేత్తంది!"

"బూడిదే. పొడిగా ఉన్నంతసేపూ అది నీకు గోడ."

"వానొత్తేనో?"

"మళ్ళీ పోత్తాను. నా పొయ్యి రోజూ వెలుగుద్ది."

నిజానికి ఒక్క పొయ్యి బూడిద సరిపోయేది కాదు. అవి ముసురు రోజులు. పొద్దున పోసింది మధ్యాహ్నానికి బురదయ్యేది. సంగతి తెలిసి నలభై గడపల ఆడవాళ్ళూ పొద్దున్నే తలా ఒక కొబ్బరిచిప్పెడు బూడిద తెచ్చి పాదు దగ్గర ఇచ్చిపోవడం మొదలుపెట్టారు. అలా లంకలో ఉన్న పొయ్యిలన్నీ కలిసి ఒక్క మొక్కని కాపాడాయి.

మొక్క తీగయింది. తీగ పందిరెక్కింది. ఇక్కడ వచ్చింది చిక్కు. నేల మీద బూడిద పోస్తాం గానీ పందిరి గుంజకి నిలువునా పోస్తే నిలుస్తుందా? నత్త గుంజ ఎక్కేసింది.

అచ్చియ్యమ్మ పక్కింటి బాతుల్ని అడిగి తెచ్చింది. బాతులు వచ్చాయి, కింద దొరికిన పిల్ల నత్తల్ని నాలుగింటిని మింగాయి, రెండు లేత తీగలు తొక్కాయి, బూడిదలో కూర్చుని కునుకు తీశాయి.

నత్త పందిరి మీద నుంచి కొమ్ములు కిందికి చాచి, "రండి బావగార్లూ, పైకి రండి. ఎగరడం మానేసి ఎన్నాళ్ళయింది?" అంది. బాతులు విననట్టు మొహం తిప్పుకున్నాయి.

తర్వాత అచ్చియ్యమ్మ గోనెసంచి తడిపి పాదు పక్కన పరిచింది. పొద్దున ఎత్తి చూస్తే కింద ఇరవై నత్తలు చల్లగా సర్దుకుని ఉన్నాయి. పేర్రాజు వాటిని బుట్టలో వేసుకుని పడవ మీద అవతలి గట్టుకి చేరవేశాడు. "కిరాయి ఎవరిత్తారే?" అని అడిగాడు గానీ జవాబు వినడానికి ఆగలేదు. అయితే ఆ ఇరవైలో మన నత్త లేదు. దానికి కొమ్ముల చివర కళ్ళున్నాయి కదా. అల్లంత దూరం నుంచే సంచిని చూసి, "ఇది పక్క కాదు, బోను" అని పక్కకి తిరిగి పోయింది.

ఇంతలో తీగకి తెల్లటి పూలు పూశాయి. పూల వెనక పిందెలు పట్టాయి. ఒకటి కాదు, రెండు కాదు, ఐదు! చిటికెన వేలంత, ఒంటి నిండా మెత్తటి నూగుతో, పచ్చగా.

"అచ్చియ్యమ్మో! అదిగోనే పిందె!" అన్నాడు పేర్రాజు, చూపుడువేలు బారుగా చాచి.

అచ్చియ్యమ్మ గుండె ఆగిపోయినంత పనైంది.

ఎందుకో మీకు తెలిసే ఉంటుంది. పిందెకి వేలు చూపకూడదు. చూపితే పిందె కుళ్ళి రాలిపోతుంది. చూపక తప్పకపోతే వేలు మడిచి, ఆ మడత కణుపుతో చూపాలి. మీ అమ్మమ్మ చెప్పలేదా? చెప్పే ఉంటుంది, మీరే విని ఉండరు.

"ఏవయ్యా, నీకు బుద్ధుందా? ఊరంతటికీ ఇది ఒక్కటే పాదు! దాని మీదా నీ ఏలు?"

"సంతోషంలో చాచానే."

"సంతోషం మొహంలో చూపించు, ఏలుతో కాదు!"

అంటూనే పాత గుడ్డపేలిక చింపి, అతని చూపుడువేలు మడిచి గట్టిగా కట్టేసింది. పేర్రాజు ఆ వేలితోనే తెడ్డు పట్టాడు, ఆ వేలితోనే అన్నం కలుపుకున్నాడు. రేవులో అందరూ "దెబ్బ తగిలిందా బావా?" అని అడుగుతుంటే, "తగలకుండా ఉండాలనే కట్టింది" అని చెప్పుకున్నాడు.

మర్నాడు పొద్దున ఒక పిందె రాలి ఉంది.

"చూశావా!" అంది అచ్చియ్యమ్మ.

ఆ మర్నాడు ఇంకోటి.

"ఇప్పుడు నా ఏలు కట్టేసే ఉంది కదే?" అన్నాడు పేర్రాజు. రాలిన పిందెని అటూ ఇటూ తిప్పి చూసి, "దీని తొడిమ దగ్గర ఏదో కొరికినట్టుందే" అని కూడా అన్నాడు.

"ఏలు చూపితే కుళ్ళింది, కుళ్ళితే ఊడింది. నువ్వు తప్పించుకోవడానికి చూడకు" అంది అచ్చియ్యమ్మ. చూడ్డానికి వచ్చిన వాళ్ళందరి చేతులూ వెనక్కి పెట్టించింది. పిల్లల చేతులైతే చంకల్లో పెట్టుకోమంది. అయినా మూడోదీ రాలింది. నాలుగోదీ రాలింది.

ఇక ఒక్కటే మిగిలింది. తీగ చివర, పందిరి మూలన, ఆకు చాటున వేలాడుతోంది. పూత కూడా అయిపోవచ్చింది. అచ్చియ్యమ్మ ఆ పిందె కింద నిలబడి, మొదటిసారి, ఎవర్నీ తిట్టకుండా ఏడ్చింది. రేవు గట్టున పిల్లలు కూర్చుని కాళ్ళు మాత్రం నీళ్ళలో ఆడిస్తున్నారు. ఆవిడకి ఆ కాళ్ళే కళ్ళ ముందు మెదిలాయి.

పేర్రాజు దగ్గరికొచ్చి, కట్టు కట్టిన వేలితోనే ఆవిడ కళ్ళు తుడిచాడు. "రేపు తొలికోడి కూసేసరికి లేచి పందిరి కింద కూర్చుందాం. ఎవరు చూపుతున్నారో చూద్దాం" అన్నాడు.

కోడి కూసింది. తూరుపు తెల్లబడుతోంది. ఇద్దరూ పందిరి కింద పీట వేసుకుని కూర్చున్నారు. పైన ఆకులు గలగలమన్నాయి. అచ్చియ్యమ్మ మెడ ఎత్తి చూసింది.

నత్త! సరసరా తీగ వెంట వస్తోంది. పిందె ఎదురుగా ఆగింది. రెండు కొమ్ములూ బారుగా చాచి, పిందె వైపు పెట్టి, తేరిపార చూస్తోంది.

"ఓలమ్మో!" అంది అచ్చియ్యమ్మ. "మా ఆయన ఒక్క ఏలు చూపితేనే గుండాగిపోయిందే! ఇది రెండు కొమ్ములూ ఏళ్ళలా చూపుతుందే!"

పీట ఎక్కి, చటుక్కున నత్తని గుల్ల పట్టుకుని కిందికి లాగింది. పేర్రాజు ఏదో అనబోయాడు. ఆవిడ చూసిన చూపుకి నోరు మూసుకున్నాడు.

"ఒసే నత్తా! ఇన్నాళ్ళూ పిందెలకి ఏళ్ళు చూపించి రాల్చింది నువ్వా?"

నత్తకి ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదు. తొడిమలు కొరికి రసం పీల్చుకున్నది అదే. అయితే ఈవిడ కొరికినందుకు కాదు, చూపినందుకు కోప్పడుతోంది! నత్తకి లోపల్లోపల పండగైపోయింది. పెద్ద దొంగతనం వదిలేసి చిన్న తప్పుకి పట్టుకుంటే ఏ దొంగకి చేదు?

"తప్పైపోయింది అత్తా" అంది, గొంతు వీలైనంత దీనంగా పెట్టి. "నాకు తెలీదు. ఏళ్ళు చూపకూడదని మా అమ్మ చెప్పలేదు. ఇకమీదట చూపను."

"బాతులకి వేసేయ్యే" అన్నాడు పేర్రాజు.

"దీన్ని వేత్తే రేపు దీని తోడికోడలు వత్తది. దాన్నీ వేత్తే దాని ఆడపడుచు వత్తది. నాకు దీని ప్రాణం అక్కర్లేదు, వీళ్ళ జాతంతటి మాట కావాలి" అంది అచ్చియ్యమ్మ. కింద నుంచి చిటికెడు తడిమన్ను తీసి నత్త గుల్ల మీద పెట్టింది. "ఒట్టు వెయ్యి. పిందె దగ్గరికి కొమ్ములు చాచి రానని, ఏది తగిలినా ఎవరెదురైనా ముందు కొమ్ములు ముడుచుకుంటానని చెప్పు. నువ్వే కాదు, మీ నత్తలందరూ."

"ముడుచుకుంటే చాలా?" అంది నత్త.

"చాలు."

"తినొద్దని కూడా..." అని పేర్రాజు మొదలుపెట్టాడు.

"నువ్వుండవయ్యా!"

నత్త ఇంక ఆలస్యం చెయ్యలేదు. "పిందె దగ్గర కొమ్ములు చాచను. ఏది తగిలినా ముడుచుకుంటాను. నేనూ, నా పిల్లలూ, నా తోడికోడళ్ళూ, మా జాతంతా. మాట తప్పితే గుల్ల ఊడిపోవాలి. నా గుల్ల మీద ఒట్టు!"

ఆ రోజుల్లో ఒట్టంటే ఒట్టే. మన్ను ముట్టి వేసిన మాట నేలతల్లి వినేది, విని గుర్తు పెట్టుకునేది. నత్త కొమ్ముల్లో ఏదో చల్లగా పాకింది. అప్పటిదాకా కర్రల్లా ఉన్న కొమ్ములు, చొక్కా చేతులు లోపలికి మడిచినట్టు, మెత్తగా లోపలికి పోయాయి. మళ్ళీ బయటికి వచ్చాయి.

"భలే ఉందే!" అంది నత్త. అచ్చియ్యమ్మ వదిలేసింది.

పేర్రాజు తల పట్టుకున్నాడు. "ఊరి పిందెని దొంగ చేతుల్లో పెట్టావే!" అన్నాడు. ఆ రోజు పడవ కూడా తియ్యలేదు, పందిరి కిందే కూర్చున్నాడు. అచ్చియ్యమ్మ మాత్రం చిక్కుళ్ళు ఈనెలు తీసుకుంటూ కూర్చుంది.

సాయంత్రం చిన్న వాన పడి వెలిసింది. నత్త బయలుదేరింది. "పదండి కళ్ళూ, పిందె దగ్గరికి" అని తీగెక్కింది.

ఒక ఆకు తగిలింది. చటుక్కున కొమ్ములు ముడుచుకున్నాయి. కొమ్ములతో పాటు కళ్ళూ లోపలికి పోయాయి. లోకమంతా చీకటి!

"ఇదేంటి? ఎవరు దీపం ఆర్పింది?" అంది నత్త.

కాసేపాగి మెల్లగా విప్పింది. రెండడుగులు వేసింది. అంటే, అడుగుల్లేవనుకోండి, రెండు జానలు పాకింది. వానచుక్క పడింది. మళ్ళీ ముడుచుకున్నాయి. మళ్ళీ చీకటి. మళ్ళీ ఆగింది, మళ్ళీ విప్పింది. నులితీగ తగిలింది. ముడుచుకుంది. సరసరా పోయేది కాస్తా, ఆగి ఆగి, తడుముకుంటూ తడుముకుంటూ పోవడం మొదలుపెట్టింది.

ఎలాగో పిందె దాకా వచ్చింది. అక్కడ ఒట్టు ప్రకారం కొమ్ములు పూర్తిగా ముడుచుకోవాల్సిందే. ముడుచుకుంది. చీకట్లో గుర్తుపెట్టుకుని నోరు తెరిచి, గట్టిగా ఒక్క కొరుకు కొరికింది.

అది పందిరి వెదురు.

"అబ్బో, తొడిమ బాగా ముదిరిపోయిందే" అనుకుంది. పక్కకి జరిగి మళ్ళీ కొరికింది. అది కొబ్బరితాడు. ఇంకొంచెం జరిగి ఇంకోటి కొరికింది. అది పేర్రాజు ఆరేసుకున్న తువ్వాలు. నోటి నిండా పీచూ, చెమట వాసనా.

"థూ! అత్తా! ఈ పిందె ఏంటి ఇలాగుంది?" అని అరిచి, పట్టు జారి, కింద బూడిదలో పడింది.

కింద కూర్చున్న పేర్రాజు పడీపడీ నవ్వాడు. నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుని, "ఏలి సంగతి నాకు తెలీదు గానీ, కళ్ళు మూసుకుని కొరికేదానికి పిందె ఎక్కడ దొరుకుద్దే!" అన్నాడు.

అచ్చియ్యమ్మ చిక్కుడు ఈనె ఒకటి తీసి పక్కన పెట్టింది. "ఏలు చూపకపోతే పిందె నిలుత్తదని నేను ముందే చెప్పాను" అంది.

ఆవిడకి కళ్ళ సంగతి ముందే తెలుసో, తెలియక చేసిందో ఇప్పటికీ లంకలో ఎవరూ తేల్చలేదు. పేర్రాజు బతికినన్నాళ్ళూ అడుగుతూనే ఉన్నాడు. "ఏదైతేనేం, నిలిచిందా లేదా?" అన్నదే ఆవిడ జవాబు.

అయితే నత్తకో తోడికోడలు ఉందని అచ్చియ్యమ్మ అననే అంది కదా. అది వట్టి మొండిది. బూడిద దులుపుకుంటున్న పెద్ద నత్తని చూసి మూతి తిప్పింది. "ఒట్టు తీసి గట్టు మీద పెట్టక్కా! మన్ను ముట్టుకుంటే ఏమవుద్ది? నేను కొమ్ములు చాచే వెళ్తాను, చూడు!"

"వద్దే, గుల్ల మీద వేశానే!"

"నీ గుల్ల మీద వేశావు, నా గుల్ల మీద కాదు."

"జాతంతా అని కూడా అన్నానే..." అంది పెద్ద నత్త చిన్న గొంతుతో. అప్పటికే తోడికోడలు గుంజెక్కేసింది.

కొమ్ములు ముడుచుకోబోతే బిగబట్టి బయటే ఉంచింది. తిన్నగా పిందె దగ్గరికి పోయింది. రెండు కొమ్ములూ బారుగా దాని మీద పెట్టింది. నోరు తెరిచింది. అచ్చియ్యమ్మ చేతిలోని చిక్కుడుకాయ కింద పడిపోయింది. పీట ఎక్కే వ్యవధి కూడా లేదు.

"టప్!"

గుల్ల ఊడింది. పందిరి మీద దొర్లి దొర్లి, చిక్కుళ్ళ చేటలో వచ్చి పడింది. పైన గుల్ల లేని నత్త, వీపు మీద చల్లగాలి తగిలి, ఒళ్ళంతా జలదరించి, చటుక్కున కొమ్ములు ముడుచుకుంది.

"అక్కా! నా ఇల్లు! నా ఇల్లేదక్కా!"

ఇల్లు చేటలో ఉంది. పెద్ద నత్తా, అచ్చియ్యమ్మా, పేర్రాజూ కలిసి దాన్ని తిరిగి తొడగాలని చూశారు. నిజం, అచ్చియ్యమ్మ కూడా సాయం పట్టింది. కోపం ఎంతున్నా, ఇల్లు పోయినవాళ్ళని చూస్తే వరదలో ఇల్లు మునిగినావిడకి మనసు ఊరుకుంటుందా? అటు తిప్పారు, ఇటు తిప్పారు. గుల్ల ఎక్కలేదు. తోడికోడలికి బుద్ధయితే వచ్చింది గానీ గుల్ల రాలేదు.

"పోనీలే, ఏడవకు. కుండ కింద చల్లగా ఉంటది, అక్కడుండు. పండుటాకులు తిను, కాయతొక్కలు తిను. నా మొలకల జోలికొత్తే మాత్రం బూడిద ఉండనే ఉంది" అంది అచ్చియ్యమ్మ. ఆ తోడికోడలు జారుకుంటూ నీళ్ళకుండ కిందికి పోయింది.

పిందె పెరిగింది. బెత్తెడైంది, జానెడైంది, బెత్తెడు తక్కువ మూరెడైంది. ఎవరూ కోయలేదు, ఎవరూ వేలు చూపలేదు. నూగు పోయి నున్నగా అయింది, పచ్చదనం పోయి పాలిపోయింది, తీగ ఎండింది, కాయా ఎండింది. ఒకరోజు అచ్చియ్యమ్మ దాన్ని చెవి దగ్గర పెట్టుకుని ఊపింది. లోపల విత్తనాలు గలగలలాడాయి.

నలభై గడపల ఆడవాళ్ళూ వచ్చారు. ఈసారి కొబ్బరిచిప్పలతో కాదు, ఖాళీ కొంగులతో. అచ్చియ్యమ్మ కాయ మెడ దగ్గర చిన్న కన్నం చేసి, విత్తనాలు చేటలోకి దులిపి, ఒక్కొక్కరి కొంగులో కొన్ని పోసి తనే ముడి వేసింది. "ఉట్టి మీద పెట్టకండి, కొంగునే ఉంచుకుని మరిచిపోండి. అదే భద్రం" అంది. ఖాళీ బుర్ర కన్నానికి బిరడా బిగించి, రేవు గట్టున అందరికన్నా చిన్నపిల్ల నడుముకి పేర్రాజు కట్టాడు. పిల్ల కెవ్వుమంటూ నీళ్ళలోకి దూకింది. మునగలేదు. గట్టు మీద పిల్లలందరూ, "తర్వాత నేను! తర్వాత నేను!" అని అరిచారు. వాళ్ళ తల్లులు కళ్ళు తుడుచుకున్నారు. పై ఏటికి లంకలో ప్రతి పందిరి మీదా ఆనపకాయలే, రేవు నిండా పిల్లలే.

అప్పటినుంచే నత్త, ఏది తగిలినా, ఎవరెదురైనా, చటుక్కున కొమ్ములు ముడుచుకుంటుంది. ముడిచి విప్పి, ముడిచి విప్పి పోతుంది కాబట్టే ఆ నడక నత్తనడక అయింది. అప్పటినుంచే ఆ తోడికోడలి పిల్లలు గుల్ల లేకుండా, కుండల కిందా తడిరాళ్ళ కిందా దాక్కుని బతుకుతున్నారు. ఒట్టులో తినొద్దన్న మాట లేదు కాబట్టి, తడుముకుంటూ తగిలిన మొలకని ఇప్పటికీ కొరుకుతూనే ఉంటారు, మనం బూడిద చల్లుకుంటూనే ఉంటాం.

కావాలంటే ఈసారి వాన వెలిశాక మీ పెరట్లో చూడండి. నత్త కనబడితే కొమ్ము చివర మెల్లగా ఒక్కసారి తాకండి. లోపలికి పోతుంది. పాపం, ఒట్టు గుర్తుంది. పక్కన పిందె ఉంటే మాత్రం, ముందు మీ వేలు మడవండి.